ముందే పెట్టిన సంతకం: అమెరికా డాక్టర్ల కథ, మన వేలిముద్రల కథ

కావలి హాస్టల్ నుంచి రాస్తున్నాం. ఈసారి పోస్టు పొడుగ్గానే ఉంటుంది. అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. మధ్యలో ఆపేసినా పర్లేదు గానీ, ఇంటర్ సెకండియర్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళకి మాత్రం చదివి వినిపించండి.

ముందు మా దగ్గర ఏం జరిగిందో చెప్తాం. ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం ఇద్దరు మనుషులు బైకు మీద హాస్టల్‌కి వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, చేతిలో రంగు రంగుల కాగితాలు. ఇంటర్ సెకండియర్ తమ్ముళ్ళ దగ్గర కూర్చుని మాటల్లో పడ్డారు. ఏదో ఊళ్ళో ఏదో కాలేజీ అంట. పరీక్షలు అవ్వకముందే సీటు గ్యారంటీ, హాస్టల్ ఫ్రీ, ల్యాప్‌టాప్ ఫ్రీ, ఇప్పుడే ఖర్చులకి చేతిలో రెండు వేలు. ఫారం మీద సంతకం పెట్టి టెన్త్ మార్కుల మెమో, కులం సర్టిఫికెట్టు ఒరిజినల్స్ ఇచ్చేస్తే చాలు. రేపటికైతే సీట్లు ఉండవని కూడా చెప్పారు. మేం డిగ్రీ వాళ్ళం మెస్ దగ్గర నుంచి వచ్చేసరికి ముగ్గురు సంతకాలు పెట్టేశారు, బైకు వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఒక తమ్ముడు ఇంటికి ఫోన్ చేసి సంతోషంగా చెప్పాడు. వాళ్ళ నాయన సముద్రం పక్కన రొయ్యల గుంటల కాడ కాపలా ఉంటాడు. స్పీకర్ పెట్టి ఉంది కాబట్టి మేమూ విన్నాం. ఆయన కాలేజీ పేరు అడగలేదు, కోర్సు అడగలేదు. "ఎంత తీసుకున్నావ్? ఖర్చు పెట్టావా? పెట్టకపోతే రేపు పొద్దున్నే ఇచ్చెయ్ అబ్బయ్యా" అన్నాడు. అంతే.

మాకు ఆ మాట బుర్రలో ఉండిపోయింది. మా హాస్టల్లో ఉండి చదువుకుని ఇప్పుడు హౌస్ సర్జన్సీ చేస్తా ఉన్న ఒక అక్కకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాం. ఆమె నవ్వి, "అమెరికాలో డాక్టర్లకి కూడా ఇదే జరిగిందిరా, దాని మీద పెద్ద చరిత్రే ఉంది, చదవండి" అంది. మేం నమ్మలేదు. రెండు నెలలు చదివాం. చదివింది ఇక్కడ రాస్తున్నాం.

అమెరికాలో మెడిసిన్ చదివినోళ్ళు ఆ తర్వాత ఆసుపత్రిలో కొన్నేళ్ళు ట్రైనింగ్ చెయ్యాలి. ఇప్పుడు దాన్ని రెసిడెన్సీ అంటారు, మన దగ్గర పీజీ లాంటిది. అది చేస్తేనే లైసెన్సు, ప్రాక్టీసు. 1900 తర్వాత ఈ పద్ధతి ఊపందుకుంది. అప్పట్లో దాన్ని ఇంటర్న్‌షిప్ అనేవాళ్ళు. ఆసుపత్రులు ఎక్కువ, కుర్రాళ్ళు తక్కువ. రాత్రిపూట డ్యూటీ చెయ్యడానికి తక్కువ జీతంతో దొరికేది వాళ్ళే కాబట్టి ప్రతి ఆసుపత్రికీ వాళ్ళు కావాలి.

ఇక్కడ మనం అనుకుంటాం, సీట్లు ఎక్కువ ఉంటే కుర్రాళ్ళదే రాజ్యం గదా అని. అట్టా జరగలేదు. ఒక ఆసుపత్రి పక్క ఆసుపత్రి కంటే ఒక నెల ముందే వెళ్ళి కుర్రాణ్ణి పట్టుకుంది. పక్కోడు ఊరుకుంటాడా, రెండు నెలలు ముందుకు జరిగాడు. ఇట్టా జరిగి జరిగి 1944 నాటికి చదువు అయిపోడానికి రెండేళ్ళు ముందే ఒప్పందాలు అయిపోతున్నాయి. ఉదయగిరి వైపు మామిడి తోటని పూత మీదే కొనేస్తారు చూడండి, అట్టాంటి బేరం. కాయ ఎట్టా వస్తుందో కొన్నోడికీ తెలీదు, అమ్మినోడికీ తెలీదు. ఆ కుర్రాడికి సర్జరీ ఇష్టమో పిల్లల వైద్యం ఇష్టమో తేలకముందే సంతకం అయిపోతుంది. ఆ కుర్రాడు చివరికి ఎంత బాగా చదువుతాడో ఆసుపత్రికీ తెలీదు. ఇద్దరికీ నష్టమే. అయినా ఎవరూ ఒక్కళ్ళే ఆగలేరు. ఆగినోడికి మిగిలేది ఏమీ ఉండదు.

1945లో మెడికల్ కాలేజీలన్నీ కలిసి ఒక ఉపాయం చేశాయి. ఫలానా తేదీ దాకా విద్యార్థి మార్కుల కాగితాలు, సిఫార్సు ఉత్తరాలు ఏ ఆసుపత్రికీ ఇవ్వం అన్నాయి. కాగితాలు చేతికి రాకపోతే ఎవరు బాగా చదువుతారో ఆసుపత్రికి ఎట్టా తెలుస్తుంది? దాంతో తేదీల పరుగు ఆగింది. గమనించండి, ఆసుపత్రులకి నీతులు చెప్తే ఆగలేదు, కాగితం ఆపితే ఆగింది. మాకు ఈ ముక్క చదివినప్పుడు మా ముగ్గురు తమ్ముళ్ళ ఒరిజినల్స్ గుర్తొచ్చాయి. అక్కడ కాగితాలు కాలేజీ దగ్గరే ఉండి కుర్రాణ్ణి కాపాడాయి, ఇక్కడ మన కాగితాలు వేరేవాడి బీరువాలో ఉండి మనల్ని కట్టేస్తున్నాయి.

అయితే రోగం ఒకచోట తగ్గి ఇంకోచోట లేచింది. తేదీ ఒకటే అయ్యేసరికి, ఆ రోజు టెలిగ్రాం ఇచ్చి "వెంటనే జవాబు చెప్పు" అని ఒత్తిడి మొదలైంది. కుర్రాడికి మూడో ఇష్టమైన ఆసుపత్రి నుంచి పిలుపొస్తుంది. మొదటి ఇష్టమైన చోట వెయిటింగ్‌లో ఉంటాడు. ఒప్పుకుంటే మొదటిది పోతుంది, ఒప్పుకోకపోతే రెండూ పోవచ్చు. మొదట్లో ఆలోచించుకోడానికి పది రోజులు ఇవ్వాలన్నారు. అది ఏటేటా తగ్గుతూ వచ్చింది. 1949కి వచ్చేసరికి పన్నెండు గంటల గడువు కూడా మరీ ఎక్కువ అని ఆసుపత్రులు ఒప్పుకోలేదు. "రేపటికైతే సీట్లు ఉండవు" అని మా హాస్టల్లో అన్న మాటకీ దీనికీ తేడా ఏముంది?

చివరికి అందరూ ఒక పద్ధతికి వచ్చారు. ఎవరూ ఎవరికీ విడిగా పిలుపు ఇవ్వొద్దు. విద్యార్థి తనకి ఇష్టమైన ఆసుపత్రులు వరసగా రాసి ఒకచోట ఇస్తాడు. ఆసుపత్రి కూడా తనకి కావాల్సిన విద్యార్థుల్ని వరసగా రాసి అక్కడే ఇస్తుంది. రెండు లిస్టులూ కలిపి జత చేసి ఒకే రోజు ఫలితం చెప్తారు. 1952లో మొదటిసారి అమలైంది. దాన్ని అక్కడ మ్యాచ్ అంటారు. ఇప్పుడు నడిపే సంస్థ పేరు ఎన్ఆర్ఎంపీ. ప్రతి మార్చిలో మూడో శుక్రవారం ఫలితాలొస్తాయి. మన వెబ్ ఆప్షన్లు పెట్టినోళ్ళకి ఇది కొత్తగా ఏం అనిపించదు. తేడా ఏంటంటే మనకి ర్యాంకు ఒకటే అందరికీ, అక్కడ ఒక్కో ఆసుపత్రి లిస్టు ఒక్కో రకం.

ఇందులో మాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. మొదట పెద్దలు తయారుచేసిన లెక్కలో ఒక లోపం ఉంది. మొదటి ఆప్షన్‌గా రావడం కష్టమైన పెద్ద ఆసుపత్రి రాస్తే, అది రాకపోగా, మామూలుగా రావాల్సిన రెండోది కూడా చేజారే ప్రమాదం ఉంది. అంటే ధైర్యంగా ఇష్టం రాసినోడికి శిక్ష. పనిచెయ్యబోయే పెద్ద డాక్టర్లెవరూ దీన్ని పట్టించుకోలేదు. పట్టించుకుంది విద్యార్థులు. 1951లో హార్వర్డ్ విద్యార్థి హార్డీ హెండ్రెన్, ఆయన తోటివాళ్ళు కమిటీ కట్టి, వేరే కాలేజీల విద్యార్థుల్ని కలుపుకుని గొడవ చేశారు. లెక్క మార్చకపోతే ఒప్పుకోం అన్నారు. మార్చారు. మొదటి మ్యాచ్ ఆ మార్చిన లెక్కతోనే జరిగింది. హెండ్రెన్ తర్వాత పిల్లల సర్జరీలో చాలా పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఆ రోజుకి మాత్రం మన లాగా ఒక స్టూడెంటే.

వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు మనోళ్ళు చాలామంది ఇదే భయంతో పెద్ద కాలేజీ రాయరు. "మనకి రాదులే, రాస్తే చిన్నది కూడా పోద్దేమో" అనుకుంటారు. ఆ మార్చిన లెక్క ఎట్టా పనిచేస్తుందంటే, పైది దొరక్కపోతే కిందిదానికి వెళ్ళినప్పుడు, మొదటి నుంచీ అక్కడే ఉన్నవాడితో సమానంగానే చూస్తారు. పైకి ఆశపడ్డావని వెనక్కి నెట్టరు. మన కౌన్సెలింగ్‌లో కూడా ర్యాంకు ప్రకారమే చూస్తారు కాబట్టి, పెద్ద కాలేజీ పైన రాసినందువల్ల కిందిది పోదు. కిందివి రాయడం మానొద్దు, అంతే.

1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు లెక్కల పండితులు ఇట్టాంటి జతల గురించి ఒక చిన్న వ్యాసం రాశారు. ఆ డాక్టర్ల పద్ధతి పదేళ్ళ ముందే అదే సూత్రం మీద నడుస్తోందని 1984లో ఆల్విన్ రాత్ అనే ఆయన చూపించాడు. 2012లో రాత్‌కీ షాప్లీకీ ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. గేల్ అప్పటికే చనిపోయాడు. 1998లో రాత్ సాయంతో లెక్కని ఇంకా విద్యార్థి వైపుకి తిప్పారు.

ఇప్పుడు మన తెలుగోళ్ళ దగ్గరికి వద్దాం. 1965లో అమెరికా వలస చట్టం మారాక గుంటూరు, విశాఖ, కర్నూలు, తిరుపతి, వరంగల్, హైదరాబాద్ మెడికల్ కాలేజీల్లో చదివినోళ్ళు బోలెడంతమంది అక్కడికి వెళ్ళారు. ప్రభుత్వ కాలేజీలో, ప్రజల డబ్బుతో చదివిన చదువే. అందులో మనోళ్ళు ఎంతమంది ఉండి ఉంటారో మీరే ఊహించుకోండి. అది వేరే పోస్టు.

వీళ్ళకి అక్కడ వేరే రూలు. అమెరికా కాలేజీలో ఫైనలియర్ చదివేవాడికి మ్యాచ్‌లో ఉన్న ఆసుపత్రి విడిగా సీటు ఇవ్వకూడదు. మ్యాచ్ ద్వారానే ఇవ్వాలి. బయటి దేశంలో చదివొచ్చిన డాక్టర్‌కి మాత్రం మ్యాచ్‌కి ముందే విడిగా కాంట్రాక్టు ఇవ్వొచ్చు. దాన్ని ప్రీ మ్యాచ్ అనేవాళ్ళు. ఒకే ఆసుపత్రి, ఒకే వార్డు, ఒకే డ్యూటీ, రెండు రకాల తలుపులు.

ప్రీ మ్యాచ్ ఎట్టా ఉంటుందంటే, ఇంటర్వ్యూ అయిన కొన్నాళ్ళకి ఉత్తరం వస్తుంది. సంతకం పెట్టు, గడువు ఇన్ని రోజులే. పెడితే మ్యాచ్ నుంచి తప్పుకోవాలి. ఆ డాక్టర్ పరిస్థితి ఆలోచించండి. పరీక్షల ఫీజులకి, టికెట్లకి ఇంటి మీద అప్పు చేసి వచ్చినోడు. ఏ చుట్టం ఇంట్లోనో సోఫా మీద పడుకుంటాడు. వీసా గడువు తరుముతా ఉంటుంది. ఇంకో రెండు మంచి చోట్ల ఇంటర్వ్యూ బాగా చేసుండొచ్చు. అయినా మార్చి దాకా ఆగుతాడా? ఆగడు. చేతికొచ్చిన కాగితం మీద సంతకం పెడతాడు. ఆ ఆసుపత్రికి కూడా ఆ సంగతి తెలుసు.

ఇంకోవైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ప్రీ మ్యాచ్ చాలామందికి ప్రాణం పోసింది కూడా. ముందే సీటు ఖాయమైతే వీసా పనులకి టైం దొరుకుతుంది. మ్యాచ్‌లో తమ లాంటోళ్ళు లిస్టు కిందికి పోతారన్న భయం ఉన్నోళ్ళకి అది భరోసా. ముందు సంతకం చెడ్డది అని మనం ఇక్కడ కూర్చుని తేలిగ్గా అనలేం. మన అమ్మానాయనలు అడ్వాన్సు తీసుకున్నది కూడా పిచ్చితనంతో కాదు. ఆ రోజు ఇంట్లో బియ్యం లేకనో, పిల్లకి జ్వరం వచ్చో తీసుకున్నారు.

2013 మ్యాచ్ నుంచి ఎన్ఆర్ఎంపీ రూలు మార్చింది. దానికి ఆల్ ఇన్ పాలసీ అని పేరు. ఒక ట్రైనింగ్ ప్రోగ్రాం మ్యాచ్‌లో పేరు నమోదు చేసుకుంటే తన సీట్లన్నీ మ్యాచ్‌లోనే పెట్టాలి, కొన్ని ప్రత్యేక మినహాయింపులు తప్ప. లేదా అసలు మ్యాచ్‌లోకే రాకూడదు. నాలుగు సీట్లు మ్యాచ్‌లో, రెండు సీట్లు చాటుగా అంటే కుదరదు. ఆ ఒక్క ఏడాదిలోనే మ్యాచ్‌లో సీట్లు 26,772 నుంచి 29,171కి పెరిగాయి. అంటే దాదాపు 2,400 ఎక్కువ. కొత్తగా పుట్టిన సీట్లు కొన్ని ఉన్నా, అంతకుముందు పక్క తలుపు నుంచి పోయినవి చాలా ఇట్టా బయటపడ్డాయి. అమెరికా పౌరులు కాని విదేశీ డాక్టర్లలో మ్యాచ్ ద్వారా సీటు దొరికినోళ్ళు 2012లో నూటికి 41 మంది దాకా ఉంటే 2013లో 48 మంది దాకా అయ్యారు. దీన్ని చూసి రూలు వల్ల మేలు జరిగిపోయిందని అనేయకూడదు. ముందు బయట సంతకం పెట్టి లెక్కలో లేకుండా పోయినోళ్ళు ఇప్పుడు లెక్కలోకి వచ్చారు, అంతే కావచ్చు. కానీ ఒకటి మాత్రం ఖాయం. పాత రోజుల్లో ఆ సీట్లు ఎవరెవరికి పోయాయో బయటికి తెలిసే దారి లేదు. ఆసుపత్రిలో తెలిసిన సీనియర్ ఉన్నోడికీ ఎవరూ లేనోడికీ ఒకే వరస ఉండేది కాదు. ఇప్పుడు కనీసం వరస ఉంది.

మ్యాచ్‌లో జత కుదిరితే అది ఇద్దరినీ కట్టేస్తుంది. అనుమతి లేకుండా ఆసుపత్రి వద్దనకూడదు, డాక్టర్ మానకూడదు. చేరాక కనీసం 45 రోజులు ఉండాలి. ఫలితానికి ముందు "నన్ను ఎన్నో నంబర్లో రాశావు?" అని ఆసుపత్రి అడగకూడదు. ఈ చివరి రూలు మాకు భలే నచ్చింది. అడిగే హక్కు ఉంటే చాలు, బలవంతుడు సంతకం లేకుండానే సంతకం పెట్టించుకుంటాడు.

మ్యాచ్ అంతా మంచిదేనా అంటే, 2002లో కొంతమంది రెసిడెంట్ డాక్టర్లు కోర్టుకెళ్ళారు. అందరూ ఒకే లెక్కలో పడితే జీతం బేరమాడే దారి లేదు, అందుకే జీతాలు పెరగట్లేదు అని. 2004లో అమెరికా కాంగ్రెస్ మ్యాచ్‌కి రక్షణగా చట్టం చేసింది, కేసు కొట్టేశారు. ఆ వాదనలో న్యాయం లేదని మేం అనం. సంతకం తేదీని సరిచెయ్యడం వేరు, జీతాన్ని సరిచెయ్యడం వేరు.

అసలు ఈ పోస్టు రాయాలనిపించింది మాత్రం గ్యాస్ట్రో డాక్టర్ల కథ చదివాక. జీర్ణకోశ వ్యాధుల స్పెషాలిటీకి వాళ్ళకి వేరే మ్యాచ్ ఉండేది. 1990ల చివర అది కూలిపోయింది. మళ్ళీ ముందు ముందుకి జరగడం, గంటల్లో జవాబు చెప్పమనడం మొదలు. 2006లో దాన్ని మళ్ళీ నిలబెట్టాలనుకున్నారు. కానీ ఎవడికీ నమ్మకం లేదు. మనం ఆగితే పక్క ఆసుపత్రి మంచోళ్ళని ముందే ఎత్తుకుపోతుంది గదా అని. అప్పుడు ఆ స్పెషాలిటీ సంఘాలు ఒక తీర్మానం చేశాయి. మ్యాచ్‌కి ముందు ఎవరైనా ఒత్తిడి చేసి ఒప్పించుకుంటే, ఆ డాక్టర్ తర్వాత మనసు మార్చుకుని మ్యాచ్‌లోకి రావచ్చు. ముందు ఒప్పుకున్న మాట అతన్ని కట్టెయ్యదు.

అంతే, ముందే పట్టుకోవాలన్న ఆశ పోయింది. పట్టుకున్నా నిలవని చేపకి ఎవడు వల వేస్తాడు? ముందు సంతకం అడిగితే నేరం అని పోలీసుల్ని పెట్టలేదు. ముందు పెట్టిన సంతకానికి విలువ లేదన్నారు.

ఇది చదివిన రాత్రి మేం మన చరిత్ర మళ్ళీ తిరగేశాం. మా హాస్టల్లో యానాదులం, ఎరుకల వాళ్ళం, సుగాలీ తమ్ముళ్ళు ఉన్నాం. మన పెద్దోళ్ళ వేలిముద్ర రెండు చోట్ల పడింది. ఒకటి ప్రభుత్వం రిజిస్టరులో. 1871లో మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాజ్యానికి కూడా వచ్చిన నేరస్థ జాతుల చట్టం. పుట్టుకతోనే దొంగ అని రాసి, వేలిముద్ర తీసుకుని, హాజరు వేయించుకునేవాళ్ళు. మన కావలిలోనే ఎరుకల వాళ్ళ సెటిల్‌మెంట్ ఉండేది, అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ నడిపింది, బాడెన్ అనే దొర చూసేవాడు. దేశమంతా ఆ చట్టం రద్దయింది 1952లో. అమెరికాలో మొదటి మ్యాచ్ జరిగిన ఏడాదే. దానికేం సంబంధం లేదు గానీ, ఆ తేదీ చూసి కాసేపు మేం మాట్లాడలేకపోయాం. నెల్లూరు జిల్లాకే చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం, ఈ చట్టం పోవడం కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. ఆయన గురించి ఈ గ్రూపులో ఎవరైనా వివరంగా రాస్తే బాగుంటుంది.

రెండో వేలిముద్ర అప్పు కాగితం మీద. పెళ్ళికో జబ్బుకో కొంత అడ్వాన్సు తీసుకుంటారు, దానికి బదులు మనిషి పనికి కుదురుతాడు. పాలేరుగా, గుంట కాపలాగా, నిమ్మ తోటలో, ఇటుక బట్టీలో. 90ల్లో మన తీరంలో రొయ్యల గుంటలు వచ్చాక పని పేరు మారింది, అడ్వాన్సు మారలేదు. పని ఎంతకాలమో, కూలి ఎంతో కాగితంలో ఉండదు. బాకీ తీరిందో లేదో చెప్పేది అప్పిచ్చినోడే. వేరే చోట రెండింతల కూలి ఇస్తామన్నా పోయేదానికి లేదు. ప్రీ మ్యాచ్ కాగితానికి గడువు ఉంది, దీనికి అది కూడా లేదు. డాక్టర్ కష్టాన్నీ మన వెట్టినీ ఒకటే అనడం లేదు. ఆ డాక్టర్ మూడేళ్ళకి బయటపడి కారు కొంటాడు. కానీ పని చేసిన తీరు ఒకటే. అవసరం మీద ఉన్నోడి దగ్గరికి, వాడు నాలుగు చోట్ల అడగక ముందే, కాగితం తీసుకుని వెళ్ళడం.

1975లో ఆర్డినెన్సు, 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాయి. ఆ చట్టం తీసి చదవండి, చిన్నదే. అందులో దేశంలో ఉన్న వెట్టి పద్ధతుల పేర్లు వరసగా రాశారు. వాటిలో మన పేర్లున్నాయి. పాలేరు, జీతం, భగేలా, వెట్టి. ఢిల్లీలో రాసిన చట్టంలో మన తాతల పని పేరు చూడటం అదో రకంగా ఉంది. ఆ చట్టం ఏం చేసిందంటే, అలాంటి ఒప్పందం రాతలో ఉన్నా నోటి మాటైనా చెల్లదు అంది. ఆ బాకీ తీర్చాల్సిన పని లేదు, రద్దు. రద్దయిన బాకీ కింద ఎవరైనా డబ్బు పుచ్చుకుంటే పుచ్చుకున్నోడికే మూడేళ్ళ దాకా జైలు. కట్టిన మనిషికి కాదు.

గ్యాస్ట్రో డాక్టర్లు 2006లో కనిపెట్టిన ఉపాయం, మన చట్టంలో 1976లోనే ఉంది. కాగితాన్నే చచ్చుపడేలా చెయ్యడం. తేడా ఎక్కడంటే, అక్కడ ఆ తీర్మానం ప్రతి డాక్టర్‌కీ తెలుసు. ఇక్కడ ఆ చట్టం గుంట కాడ ఉన్న నాయనకి ఎవరూ చెప్పలేదు. మాకే మొన్న తెలిసింది.

చదువు విషయంలో కూడా మన రాష్ట్రానికి సొంత చరిత్ర ఉంది. 1983లో డొనేషన్లు తీసుకోకూడదని, అడ్మిషన్లని అదుపు చేస్తూ చట్టం వచ్చింది. 1986లో ఎంసెట్ వచ్చింది. ర్యాంకు, కౌన్సెలింగ్, అందరికీ ఒకే వరస. ఎస్టీలకి ఆరు శాతం అనేది ఆ వరస ఉంటేనే పనికొస్తుంది. వరస బయట, బైకు మీద వచ్చినోడి ఫారంలో ఆరు శాతం ఏముంటుంది? ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాం, జాగ్రత్తగా వినండి. కన్వీనర్ కోటాలో కౌన్సెలింగ్ ద్వారా సీటు వస్తేనే ప్రభుత్వం ఫీజు కడుతుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే కట్టదు. ముందే పెట్టే ఫారంలో అది ఏ కోటానో చిన్న అక్షరాల్లో కూడా ఉండకపోవచ్చు. మా తమ్ముళ్ళ ఫారంలో లేదు. నాలుగేళ్ళ ఫీజు ఎవరిదో తెలియకుండా రెండు వేలకి సంతకం.

ఒరిజినల్స్ గురించి. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2018లోనే చెప్పింది. కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసుకుని వెంటనే తిరిగి ఇచ్చెయ్యాలి, తన దగ్గర పెట్టుకోకూడదు. విద్యార్థి మానుకుంటే ఫీజు వాపసు కూడా గడువుల ప్రకారం ఇవ్వాలి. అది వాళ్ళ పరిధిలోని కాలేజీలన్నిటికీ వర్తిస్తుంది. ఆ ఉత్తర్వు మేం ప్రింటు తీసి హాస్టల్ నోటీసు బోర్డుకి అంటించాం. వార్డెన్ సార్ చూసి, చినిగిపోకుండా ప్లాస్టిక్ కవర్ తెచ్చి ఇచ్చారు.

మా ముగ్గురి సంగతి. రొయ్యల గుంట నాయన మాట విని ఆ తమ్ముడు రెండు వేలు తెల్లారే తిరిగి పంపాడు. మిగతా ఇద్దరూ అప్పటికే కొంత ఖర్చు పెట్టేశారు, మేం రూముకి యాభై చొప్పున వేసుకుని సర్దాం. డబ్బు పుచ్చుకున్నోళ్ళు కాగితాలు మాత్రం వెంటనే ఇవ్వలేదు. ఆఫీసు వేరే ఊళ్ళో ఉంది, సార్ లేరు, రేపు రండి. ఒక తమ్ముడివి పదకొండు రోజులకి వచ్చాయి. ఇంకొకడివి యూజీసీ ఉత్తర్వు ఫోటో వాట్సాప్‌లో పంపిన మర్నాడే వచ్చాయి. మూడోవాడి టెన్త్ మెమో ఇంకా రాలేదు. వాడికి కౌన్సెలింగ్‌కి అది కావాలి. సోమవారం పొద్దున ప్యాసింజరుకి మేం ఆరుగురం వెళ్తున్నాం. ఉత్తర్వు ప్రింటు రెండు కాపీలు, వాడు రాసిన దరఖాస్తు, డబ్బు తిరిగి పంపిన ఫోన్‌పే రసీదు పెట్టుకున్నాం. ఆ వైపు ఊళ్ళల్లో మన అన్నలెవరైనా ఉంటే స్టేషన్ దగ్గర కలవండి.